పందొమ్మిది నెలలు

గెంట్ నగరంలో, ట్రామ్ పట్టాల పక్కన మూడో అంతస్తులో
మందుల కొట్టు మూసేసిన గోడెలీవ
కంపెనీ వార్షిక నివేదికను చివరి పేజీ నుంచి చదువుతుంది.
బొమ్మలున్న పేజీలు ఆమెకు అక్కర్లేదు,
తెల్లకోట్లు ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాయి.

ఆదాయం ఉండాల్సిన గడిలో చిన్న గీత.
ఆ గీత మీద ఆమెకు కోపం లేదు.
ముప్పై ఏళ్లు అరువు పద్దులు రాసిన చెయ్యి,
ఇవ్వలేనివాడికీ ఇవ్వనివాడికీ తేడా తెలుసు.

పెన్సిలు మొన నాలుకకి తడిపి లెక్క కడుతుంది:
బ్యాంకులో నాలుగు కోట్ల పది లక్షల యూరోలు.
మూడు నెలలకోసారి అరవై అయిదు లక్షలు ఆవిరి.
పందొమ్మిది నెలలు.
ప్రయోగ ఫలితాలొచ్చేది
ఇరవై రెండో నెలలో.

మధ్యలో ఆ మూడు నెలలు
ఏ పేజీలోనూ లేవు.
వెతగ్గా వెతగ్గా పద్నాలుగో ఫుట్‌నోట్‌లో
చీమ తలకాయంత అక్షరాలు:
అవసరమైతే కొత్త వాటాలు జారీ చేస్తాం.
అంటే, మజ్జిగలో నీళ్లు.
గిన్నె మాత్రం నిండుగానే కనిపిస్తుంది.

మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్‌కి
లాభం ఊసే తెలియదు,
కరెంటు తాగుతూనే ఉంటుంది.
లోపల పన్నెండుగురి రక్తం.
తమ్ముడు వౌటర్ కండలు కరిగించిన జబ్బే ఇది
అని మార్జిన్‌లో రాసి
రబ్బరుతో చెరిపేసింది.
లెక్కలో చుట్టరికం కలపకూడదు.

సోమవారం సగం వాటాలు అమ్మేసింది.
మిగతా సగం ఎందుకు ఉంచారని బ్రోకరు అడిగితే
ట్రామ్ చప్పుడు, వినబడలేదంది.