దొంగ కిటికీ

ఎదురుగా నిలబడి చూస్తే
ఆల్డర్‌కోట్ హాల్ అబద్ధమాడడం రాని మనిషిలా ఉంటుంది.
ఎర్ర ఇటుక. మూలలకి తెల్లరాయి.
తలుపుకి అటు నాలుగు కిటికీలు, ఇటు నాలుగు,
పైన మళ్లీ అంతే.

పక్కకి వెళ్లి చూడాలి.
ఆ ఇటుక జానెడు మందం చొక్కా.
లోపల ఇంకో ఇల్లుంది, రెండొందల ఏళ్లు పెద్దది,
ఓక్ దూలాలు ఎండి మెలితిరిగి
ఏ రెండు గోడలూ ఒకదాన్నొకటి సూటిగా చూడవు.
ఉన్ని అమ్మి డబ్బు చేసినవాడెవడో
ముసలామెకి పెళ్లికోటు తొడిగి
వీధిలోకి నిలబెట్టాడు.

కోటు కొలతకి ఒక కిటికీ కుదరలేదు.
పైవరసలో ఎడమ నుంచి రెండోది.
దాని వెనక పొగగొట్టం.
వదిలేస్తే ముందుపన్ను ఊడినట్టుంటుంది కదా,
అందుకని ఇటుక మీదే నలుపు పూసి
తెల్లగీతలతో పన్నెండు గళ్లు గీశారు.
గేటు నుంచి చూసేవాళ్లు
ఆ గదిలో ఎవరూ లేరనుకుంటారు.
గదే లేదనుకోరు.

పదేళ్లకోసారి ఆ చీకటి వెలిసిపోతుంది.
అప్పుడు లడ్‌లో నుంచి ఆస్బర్ట్ ట్రాంటర్ వస్తాడు.
అంతకుముందు వాళ్ల నాన్న వచ్చేవాడు, ఆ ముందు తాత.
ఈసారి నిచ్చెన పట్టుకున్నది నేను.

మాకంటే ముందు కౌన్సిల్ నుంచి హెస్టర్ లాంగ్‌డన్ వచ్చింది.
తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు గానీ
ఆవిడకి జీతమే అందుకు.
అటకలో మోకాళ్ల మీద పాకుతూ
వడ్రంగి ఉలితో గీసిన అంకెలు రాసుకుంటోంది:
ఏడు, ఎనిమిది, తొమ్మిది, తొమ్మిది.
అయిదొందల ఏళ్ల కింద ఎవడికో లెక్క తప్పింది.
ఆ తప్పుకీ ఇప్పుడు చట్టం కాపలా.

ఇక్కడ మేకు పీకాలన్నా కాగితం కావాలి.
ఇంటావిడ మిసెస్ ప్రిడో
చలికాలమంతా వంటింట్లో కోటు విప్పదు.
కిటికీలకి రెండో అద్దం వేసుకోనివ్వరట.
పాత అద్దంలో చిన్నచిన్న బుడగలున్నాయి,
అది ఊదినవాడి ఊపిరి.
"వాడి ఊపిరికున్న విలువ నా ఊపిరితిత్తులకి లేదు"
అంటూ మాకు టీ పోసింది, చక్కెర అడక్కుండానే రెండు చెంచాలు.

ట్రాంటర్ రంగు కలుపుతున్నాడు.
అవిసెనూనె, దీపం మసి, గోటి మీద పట్టేంత నీలం.
"ఉత్త నలుపు చీకటి కాదురా, తారు.
చీకట్లో కాస్త ఆకాశం కలవాలి."
పైకెక్కి గీకడం మొదలుపెట్టాడు.
నా టోపీ మీద పెంకులు రాలాయి,
నలుపు, బూడిద, పాచి పట్టిన నలుపు,
ఒకదాని వెనక
పసుపు.

గీకుడు ఆగింది.
మూలగడిలో, గోరింత వెడల్పున, కొవ్వొత్తి మంట.

హెస్టర్ కూడా నిచ్చెనెక్కింది.
నేను రెండు చేతులా పట్టుకుని కింద నిలబడ్డాను.
వాళ్ల మాటలు సగం గాలికి పోయాయి.
విన్నంతలో ఇదీ:
పనిపిల్లలు అటకలో పడుకునేవాళ్లట,
ఇంటి కప్పు కనబడితే పరువు తక్కువని
దొర ముందువైపు పిట్టగోడ లేపించాడట,
దాంతో వాళ్ల దీపం రోడ్డు మీదికి కనబడేది కాదట.
లెటీ అని ఒకమ్మాయి.
ట్రాంటర్‌కి తర్వాత నాయనమ్మ.

వాళ్ల నాన్నకి ఇలాంటివి గిట్టవు. నల్లగా కప్పేశాడు.

హెస్టర్ కిందికి దిగి
నోటుబుక్కు మోకాలి మీద పెట్టుకుంది.
పటంలో ఉన్నది నలుపొక్కటే.
పటంలో లేనిది పూస్తే నేరం,
గోడలో ఉన్నది కప్పితే అదీ నేరం.
కలం మూత పెట్టింది, తీసింది.
తొమ్మిది, తొమ్మిది అని రాసిన పేజీ కిందే రాసింది:
పసుపు చుక్క ఒకటి. కాలం తెలియదు. ఉంచవలెను.

"మీ దగ్గర పసుపు రంగు ఉందా, మిస్టర్ ట్రాంటర్?"

ఆయన కోటు లోపలి జేబులోంచి
అంగుస్తానంత డబ్బా తీశాడు.
పొద్దున లడ్‌లోలో బయల్దేరకముందే
కలిపి పెట్టుకున్నది.