సున్నాల బరువు

శుక్రవారం రాత్రి, తొమ్మిదిన్నర.
కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీలో ఆఫీసు గది.
పాస్‌వర్డ్ కొడతాను.
తెర ఒక్క క్షణం నల్లబడుతుంది,
మళ్ళీ అదే పెట్టె, అదే గీత,
ఎవరు నువ్వని కొత్తగా అడుగుతుంది.

తప్పు కొడితే తప్పని చెప్పే యంత్రమే ఇది.
ఇప్పుడు తప్పనదు.
రమ్మని తలుపు తీసి
వీధిలోనే నిలబెడుతుంది.

పదకొండోసారికి కుర్చీ వెనక్కి జరిపాను.
గుమ్మం దగ్గర ఢిల్లెమ్మ.
"ఏటి బాబూ, లెగనేదా?"
"లేచింది. కళ్ళు తెరవట్లేదు."
"మరి రేపు బట్వాడా?"

నూట పన్నెండు మంది వారం లోపలుంది.
ఎవరు ఎన్ని కేజీలు కొట్టారో,
అందులో గుండెంతో, బద్దెంతో, ముక్కెంతో.
కాగితం మానేసి రెండేళ్ళయింది.
లైనక్స్ అయితే ఊరికే వస్తుందట కదా
అన్నాడు షావుకారు పెట్టిన రోజు.
ఊరికే వచ్చినదానికి కాపలా నేను.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ మూడు.
రంగులూ, బొమ్మలూ పోయి
నల్లగోడ మీద తెల్లక్షరాలు.
ఇక్కడ మాత్రం నన్ను గుర్తుపట్టింది.
పెరటి దారిన వచ్చినవాణ్ణి
మారుమాట లేకుండా లోపలికి రానిచ్చింది.

ముందు డిస్‌ప్లే డ్రైవర్ని అనుమానించాను.
సోమవారం అప్‌డేట్ చేసింది నేనే,
తప్పు నాదే అయ్యుంటుందని కడుపులో ఒక రాయి.
మళ్ళీ ఎక్కించబోతే సగంలో ఆగింది.
ఎందుకాగిందో అది రాస్తూనే ఉంది,
నేనే చదవకుండా
ఇంకో కమాండు, ఇంకో కమాండు కొడుతున్నాను.
కరెంటు పోయి వచ్చింది. యూపీఎస్ కూసింది.
అప్పుడు చదివాను.
చోటు లేదు, అంతే.

డిస్క్ నూటికి నూరు నిండిపోయింది.
లోపలికొచ్చే ప్రతిసారీ
డెస్క్‌టాప్ తన పేరు చిన్న చీటీ మీద రాసుకోవాలి.
చీటీ పట్టేంత జాగా లేదు.
పాపం, వచ్చి, వెతుక్కుని, వెనక్కి పోతోంది.

అర తరవాత అర తెరిచి బరువులు చూశాను.
ఒకే ఒక్క ఫైలు, తొంభై జీబీ.
తెరిస్తే
సున్నా
సున్నా
సున్నా

దీపావళి ముందు పాడైన రెండో కాటా!
దాన్ని అటకెక్కించాం, వైరు చుట్టి పెట్టాం.
దాని ప్రోగ్రాముకి సంగతి ఎవరూ చెప్పలేదు.
పళ్ళెం లేదు, పిక్క లేదు.
సెకనుకి రెండొందలసార్లు
ఏమీ లేకపోవడాన్ని తూచి
తారీఖు వేసి మరీ రాసుకుంటోంది
నాలుగు నెలలుగా.

ఫైలు తుడిచేశాను. చోటు రాలేదు.
పట్టుకున్న చెయ్యి ఇంకా వదల్లేదు మరి.
ప్రోగ్రాముని వెతికి ఆపితే
అప్పుడు వచ్చింది, ఒక్కసారిగా, తొంభై.

ఢిల్లెమ్మ ఇదంతా వింటూ
జీడిసొన తిన్న వేళ్ళు దీపానికి చూపించింది.
గీతల్లేవు. గచ్చులా నున్నగా ఉన్నాయి.
"రేషన్ కాడ ఆ మిషనూ ఇంతే బాబూ.
నాను నానేనంటే ఇనదు.
మళ్ళీ ఎట్టు, మళ్ళీ ఎట్టు అంతాది.
దానికీ లోపల జాగా నేదేటో."

నాకు జవాబు తోచలేదు.
రీస్టార్ట్ చేశాను.
పాస్‌వర్డ్ కొట్టాక ఆ నల్లటి క్షణంలో
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
షావుకారి గులాబీల ఫొటో
ఎన్నడూ లేనంత అందంగా వచ్చింది.

"నాది సూడు ముందు."
నలభై ఒకటీ మూడొందలు.
"నలభై రెండు కావాల."
"కంప్యూటర్‌లో ఇదే ఉందమ్మా."
"నా గోడ మీద నలభై రెండుంది.
బొగ్గుతో ఏ పూటకాపూట గీసినాను. వొచ్చి సూడు."

తెర వైపు చూశాను,
రాత్రంతా సున్నాని నమ్మిన తెర.
టార్చి తీసుకుని లేచాను
ఆవిడ వెనకాల, షెడ్డు వైపు.