పై ఇద్దరూ ఒక్కరే

శ్రీకాకుళం కోర్టు వరండాలో
నా బల్లకు మూడు కాళ్లు, నాలుగోది ఇటుక.
ప్రమాణపత్రాలు కొడతాను. పేజీకి అరవై.

పొద్దున పలాస బస్సుకొచ్చింది
చింతాడ అసిరమ్మ.
బ్యాంకు పుస్తకంలో మాత్రం ఈశ్వరమ్మ.
బడిలో వేసిన రోజు మేష్టారు
పిల్ల పేరుకి కూడా తల దువ్వి పంపాడట.
"ఈశ్వరమ్మ వేరే మనిషి అయ్యుండొచ్చు"
అన్నాడట బ్యాంకు బాబు.

"అయ్యుండొచ్చంటే ఏటి బాబూ?
నాను నాను కాకండా అయ్యుండొచ్చా?"

కొడుతున్న వేలు ఆగింది.
అతనికి తెలియకపోవచ్చు, అది వేరే సంగతి.
ఒకరికి తెలియనంత మాత్రాన
ఈవిడ రెండుగా చీలదు కదా.
ఆవేళ మేష్టారు సెలవు పెట్టి ఉంటే
ఈశ్వరమ్మ అనే పేరే పడేది కాదు.
జీడిపిక్కల పనికి పోకుండా ఉంటే
ఆ పసరు వేలిగీతల్ని తినేది కాదు.
మిషను గుర్తుపట్టని ఈ నున్నటి బొటనవేలు
గీతలతోనే ఉండేది.
అన్నీ మరోలా జరగొచ్చు.
మరోలా జరిగినచోట, ఆ గీతలున్న వేలితో
నిలబడేదెవరు?
మళ్లీ ఈవిడే.

అంత ధీమాగా అనుకున్నానా,
సంచిలోంచి చెంబు తీసి నీళ్లు తాగింది.
బుడితి చెంబు. అత్త పళ్లెం కరిగించి పోయించిందట.
ఇత్తడి, చెంబు.
తూకమేస్తే ఒకటే తూకం.
కానీ పళ్లెంగా ఉన్నన్నాళ్లూ ఇత్తడి ఉంది, చెంబు లేదు.
కంచరి ఆవేళ గరిటె పోసుంటే
ఈ ఇత్తడి ఉండేది, ఈ చెంబు ఉండేది కాదు.
మరి ఇది ఒకటా,
ఒక్కచోటే ఇరుక్కు కూచున్న రెండా?
నాకు తెలీదు. పదో తరగతి, టైపు లోయరు నేను.

అవతల నాగావళి.
పాత కాగితాల్లో లాంగుల్య అనీ ఉంటుంది.
దాన్నెవరూ ప్రమాణం చెయ్యమనలేదు.

"పై ఇద్దరూ ఒక్కరే" అని నమూనా.
ఒక్కరే అయితే ఇద్దరెక్కణ్ణుంచి వచ్చారు?
'ఇద్దరూ' తీసేశాను.
నోటరీ గారు కళ్లజోడు ముక్కు మీదికి దించి
"నమూనా మార్చకయ్యా, వాళ్లు ఒప్పుకోరు" అన్నారు.
మళ్లీ పెట్టాను, ఇద్దర్నీ.

ఊదా సిరాలో అద్ది నొక్కింది.
గీతల్లేని మరక, నేరేడుపండు నలిపినట్టు.
కాగితం మడిచి బొడ్లో దోపుకుంటూ అడిగింది:
"ఇది తడిసి సిరిగిపోనాదనుకో బాబూ,
మల్లీ ఇద్దరమైపోతామేటి?"

జిరాక్సు తీయించి పెట్టుకో, అన్నాను.