గిట్టుబాటు

కూర్ స్టేషన్లో రెండో కౌంటర్ నాది.
అద్దం అడుగున అరచెయ్యి పట్టేంత సందు.
అందులోంచి ముందు వేళ్ళొస్తాయి,
ఆ తర్వాతే ప్రశ్నలు.

ఇవాళొచ్చిన వేళ్ళకి
గోళ్ళ చుట్టూ సన్నటి పగుళ్ళు,
పగుళ్ళలో ఎన్ని సబ్బులకీ వదలని నీలం.
కౌనస్ నుంచట. ఉన్ని అద్దకం పని.
పాసు మీద రాయాలేమోనని
అడక్కుండానే పేరు చెప్పింది: దాంగ్వొలె.
ఆమె జర్మన్ కుంటుతోంది.
నాదీ అంతంతే, మా ఇంట్లో రొమాన్ష్ మాట్లాడతాం.

"నాలుగు రోజులుంటాను. ఇవన్నీ చూడాలి.
ఏ పాసు తీసుకోను?"

కాగితం మడత విప్పింది.
తొమ్మిది ఊళ్ళు, తొమ్మిది చేతిరాతలు.
షెడ్డులో వాళ్ళు తలా ఒకటి రాసిచ్చారట
మా వంతు నువ్వు చూసి రా అని.

చెప్పాను.
వరస రోజుల పాసు ఒకసారి మొదలైతే ఆగదు,
వాన పడినా, మీకు జ్వరమొచ్చినా
దాని రోజు అది కోసుకుంటుంది.
విడి రోజుల పాసు కాస్త ఓర్పు గలది,
మీరు పిలిచిన రోజే లేస్తుంది.
ఇక సగం ధర కార్డు,
ఎక్కిన ప్రతిసారీ మిగతా సగం
మీచేత లెక్కపెట్టించి మరీ పుచ్చుకుంటుంది.

ఆమె నా పెదాల వంకే చూస్తోంది.

కంప్యూటర్ చిటికెలో తేలుస్తుంది గానీ
దాని లెక్క ఎవరికీ నమ్మకం కుదరదు.
టైంటేబులు కాగితం తిరగేసి పెన్సిలు తీశాను.
సరస్సు, వంతెన, మంచుకొండ, చాక్లెట్ ఫ్యాక్టరీ,
మళ్ళీ ఇంకో సరస్సు.
కలిపాను. కొట్టేశాను. మళ్ళీ కలిపాను.
వరస రోజుల పాసు గిట్టింది.
బ్రహ్మాండంగా గిట్టింది.
రైలు దిగడానికే
ఎక్కడా టైము మిగల్లేదు.

వెనక ప్లంబర్ రెతో
గొంతులో ఏమీ లేకుండానే దగ్గాడు.

"ఇందులో మీ ఊరేది?"
తొమ్మిదింటి మీదా వేలు నడిపి, చివరికి
"ఇక్కడ లేదు" అంది.
సంచిలోంచి బెత్తెడు ఉన్ని చిలప తీసింది.
ఇటుక కాదు, నారింజా కాదు,
ఆ రెంటి మధ్యా దారి తప్పిన రంగు.
"ష్కువోల్ దగ్గర ఊటలున్నాయట.
నీళ్ళలో ఇనుముండి రాళ్ళు ఎర్రబారతాయట.
ఇరవయ్యేళ్ళుగా ఆ రంగు నాకు కుదరడం లేదు.
పక్కన పెట్టి చూసుకోవాలి."

"అయితే మీకే పాసూ అక్కర్లేదు.
రానూపోనూ ఒక్క టికెట్టు చాలు."

"మరి వాళ్ళకేం చెప్పను?"

దానికి మా దగ్గర ధర లేదు.
స్టాండులోంచి రంగుల కరపత్రాలు తొమ్మిది ఏరి
సందులోంచి తోశాను, ఊరికొకటి.
నవ్వింది. నీలం వేళ్ళతో వాటిని
పేకముక్కల్లా సర్దుకుంది.
పోతూ పోతూ అడిగింది:
"మీరు చూసే ఉంటారుగా, ఆ రాళ్ళు.
నిజంగా ఈ రంగేనా?"

నా చొక్కా జేబులో ఉద్యోగుల పాసుంది.
దేశమంతా చెల్లుతుంది, పైసా కట్టక్కర్లేదు.
ఆ ఊటలకి ఇక్కణ్ణుంచి రెండు గంటలు.
పద్దెనిమిదేళ్ళుగా ఆ ఊరికి టికెట్లు కొడుతున్నాను.

"దాదాపు ఇదే" అన్నాను.
అబద్ధమాడాను.

రెతో ముందుకొచ్చాడు.
నెల పాసేనా? ఇంకేముంటుంది.
ముద్ర వేసి ఇచ్చాను.

తొమ్మిది ఊళ్ళ కూడిక ఇంకా బల్ల మీదే ఉంది.
చించబోతూ తిరగేశాను.
తూర్పు వైపు మొదటి బండి
ఆదివారాలు కూడా నడుస్తుందట.