పది గంటలు

మంగళవారం బింగో, గురువారం యోగా.
పెళ్లి విందులేవీ లేని శనివారం దొరికితే
ఏడాదికి రెండుసార్లు బాక్సింగ్.

ఈ వెల్ష్ లోయలో
బొగ్గుగని కార్మికుల హాలంటే
ఒకప్పుడు మెట్ల మీదా కిటికీ అంచుల మీదా జనమేనట.
ఇవాళ కుర్చీలు వంద వేశారు,
నిండినవి ముప్పై ఏడు. నేనే లెక్కపెట్టాను.
సగం మంది కుర్రాళ్ళ తాలూకు చుట్టాలు,
ఒకాయన వానకి లోపలికొచ్చాడు.

బరి పక్కన ఇడ్వల్ ప్రోబర్ట్. ఎనభై ఒకటి.
ముందు ఇత్తడి గంట, చెక్క సుత్తి,
మూత పోయిన ఫ్లాస్కులో చల్లారిన టీ.
నలభై ఆరేళ్ళుగా కాలాన్ని మూడేసి నిమిషాలుగా కోసి
కొట్టేవాడికీ తినేవాడికీ సమంగా పంచినవాడు.
ఇంట్లో గుడ్డు ఉడికించడానికి మాత్రం
గడియారం చూడడట.

"జనం ఏమయ్యారు?" అన్నాను.
"ఏ జనం?" అన్నాడు, సుత్తి తుడుస్తూ.

తర్వాత తనే అందుకున్నాడు.
ఛాంపియన్ ఎవరో ఒకప్పుడు పాలబండివాడికి తెలుసు,
చర్చిలో ఆర్గన్ వాయించే మిస్ ప్రైస్‌కి తెలుసు.
ఇప్పుడు ఒక్కో బరువుకి నాలుగు బెల్టులు,
నాలుగు నడుములు.
పేర్లడిగితే నేనే తడుముకుంటాను.
టీవీలో ఊరికే వచ్చేదానికి
రాత్రికి ఇంతని కట్టాలి,
ఆ డబ్బుతో వారం రోజులు హీటరు వేసుకోవచ్చు.
మొన్న మాత్రం స్టేడియం కిటకిటలాడింది,
వీడియోలు తీసుకుని బతికే ఇద్దరు కుర్రాళ్ళు
ఒకర్నొకరు నిమురుకుంటుంటే!

నేల విడిచిన సాము, అనుకున్నాను.
అతనికి ఆ మాట ఎలా చెప్పాలో తెలియలేదు.

కాసేపాగి గొంతు తగ్గించాడు.
"గెథిన్‌ని చూశావా? మూడో వరస."

చూశాను.
ఎడమచేతి దెబ్బతో
లోయ మొత్తాన్ని కుర్చీల్లోంచి లేపిన గెథిన్.
ఇప్పుడు కోటు గుండీ పెట్టుకోవాలన్నా
భార్య ఐర్వెన్ వేళ్ళు కావాలి.
గంట మోగిన ప్రతిసారీ లేవబోతాడు,
ఆమె మోచెయ్యి పట్టి కూర్చోబెడుతుంది,
రౌండుకి రెండుసార్లు.

జనం తగ్గారా? తగ్గనీ, అంది ఆమె.
అంతమంది చప్పట్లు కొట్టారు కదా,
రాత్రి రెండింటికి ఈయన చెప్పులు వెతకడానికి
ఒక్కరొచ్చారా?

నేను మాట్లాడలేదు.
టిక్కెట్టు కొన్నవాణ్ణే నేనూ.
ఇందాక ఒక పిల్లాడి కనుబొమ చిట్లినప్పుడు
కుర్చీలో ముందుకి జరిగినవాణ్ణే.

నా భాషలో ముష్టి అంటే పిడికిలి.
ముష్టి అంటే బిచ్చం కూడా.
రెండూ ఒకే మాటలో ఎలా కాపురం చేస్తాయోనని
చిన్నప్పట్నించీ అనుమానం.
విరామంలో బకెట్ తిప్పారు,
కారుతున్న పైకప్పు కోసం.
తెచ్చింది అప్పుడే గెలిచిన కుర్రాడు,
చేతికట్లింకా విప్పలేదు.
కట్టు సందుల్లోంచి వేళ్ళు చాపి
జారిపడిన నాణెం ఏరుతున్నాడు.
అనుమానం తీరింది.
తీరకపోయినా బాగుండేది.

ఆఖరి పోరుకి ముందు దీపాలు తగ్గించారు.
పోయిన నెల కన్నుమూసిన
కోచ్ విన్ హాప్కిన్ పేరున
పది గంటలు. ఈ ఆటలో అది ఆచారం.
అందరం లేచాం.
గెథిన్‌ని ఈసారి ఎవరూ ఆపలేదు.

ఒకటి.
గంటకీ గంటకీ నడుమ
మూల గిన్నెలో వాన చినుకు.
రెండు.
ఎవరిదో దగ్గు.
అయిదు దగ్గర నాకు హాప్కిన్ ఎవరో తెలియదన్న సంగతి
గుర్తొచ్చింది.
ఎనిమిది.

గెథిన్ రెండు పిడికిళ్ళూ పైకెత్తాడు.

పడినవాడు ఎనిమిదికల్లా లేచి
చేతులు చూపించాలి రిఫరీకి,
నేనింకా ఉన్నానని.
తల మర్చిపోయింది, చేతులు మర్చిపోలేదు.

తొమ్మిది కొట్టి ఇడ్వల్ ఆగాడు.
అతని సుత్తి గాల్లో ఎంతసేపుందో
చెప్పలేను,
అక్కడ కాలం చూసేవాడు అతనొక్కడే.

కొట్టాడు లెండి. నియమం నియమమే.
ముప్పై ఆరుగురం కూర్చున్నాం.
ఐర్వెన్ ఈసారి మోచెయ్యి పట్టుకోలేదు.
ఖాళీ కుర్చీ మీంచి ఆయన కోటు తీసి
ఒళ్ళో మడత పెట్టుకుంది.