గేటు పడిన పొట్ట

నాలుగు రోజులు.
ఐదో రోజుకి లెక్క మానేశాను.

కాశీనగర్ దాటాక, మొక్కజొన్న చేల మధ్య
ఎర్ర తెలుపు చారల కర్ర ఒకటి,
పక్కన రేకు కప్పిన గది ఒకటి,
అందులో నేను ఒకర్తిని.
మా ఆయన పోయాక వచ్చిన కొలువు.
ఫోను మోగితే గేటు వేస్తాను,
బండి పోతే ఎత్తుతాను.
ఆగినవాళ్లు కొందరు ఒడియాలో తిడతారు,
కొందరు తెలుగులో.
ఇక్కడ పుట్టినందుకు రెండూ అర్థమవుతాయి.

కడుపు మాత్రం ఏ భాషలోనూ పలకదు.
గేటు ముందు ఆగిన ఇటుకల లారీలాగ
ఇంజను ఆపేసి, డ్రైవరు దిగి,
బీడీ వెలిగించుకుని కూర్చున్నట్టుంటుంది.

జ్వరమొస్తే వీధంతా చెబుతాం,
మోకాలు నొప్పైతే బస్సులో పక్కావిడకి చెబుతాం,
దీన్ని మాత్రం "ఒంట్లో బాలేదు" అనే గుడ్డలో
మూటగట్టి చంకలో పెట్టుకు తిరుగుతాం.

అయినా తెలిసిపోతుంది.
మా ఆడపడుచు సునాముఖి ఆకు పంపింది.
రాత్రి నానేసి తెల్లారి తాగితే
పేగుల్ని తడిగుడ్డలా పిండి, ఒక్కసారి విదిలించి
మళ్లీ మూడు రోజులు మౌనం.
స్టేషన్లో మహంతి గారు ఇసబ్గోలు పొట్లం ఇచ్చారు.
పొడిగా నోట్లో వేసుకున్నాను,
గొంతులో గోడ కట్టింది.
అమ్మ ఉంటే ఆముదం పట్టేది,
మోకాళ్ల మధ్య ఇరికించి, ముక్కు మూసి.
ఇప్పుడు ముక్కు మూసే చెయ్యి లేదు.

సంతలో కొండ దిగొచ్చిన బుదారి గొమాంగో
గోనె మీద కరక్కాయలు పోసుకుని ఉంది,
పక్కన మూరెడేసి నల్లటి రేల కాయలు
ఎవరూ ఊదని పిల్లనగ్రోవుల్లాగ.
"ఎన్నాల్లు?" అంది.
వేళ్లు చూపించాను.
నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.
కాయొకటి నా చేతిలో పెట్టి
"రోజుకి ఎన్ని సెంబులు నీల్లు తాగుతావు?" అంది.

సీసా నిండుగా పట్టుకెళ్తాను,
నిండుగానే ఇంటికి తెస్తాను.

"ఏటి, నీల్లంటే బయమా?"

నీళ్లంటే కాదు, బుదారీ.
పన్నెండు గంటల డ్యూటీ.
ఆ గదికి తలుపుంది, దొడ్డికి లేదు.
దొడ్డే లేదు.
చేను ఎదిగినన్నాళ్లూ ఫరవాలేదు,
కోసేశాక కూర్చున్నా కొండదాకా కనిపిస్తాను.
తాగితే వెళ్లాలి,
వెళ్తే ఫోనెవరెత్తుతారు?
అందుకే నాలుక అట్టకట్టినా తాగను.
ఆరేళ్లుగా గేటుతోపాటు నన్నూ వేసుకునే ఉన్నాను.

ఆమె నా చేతిలో కాయ వెనక్కి తీసేసుకుంది.
"వంశధారలో నీల్లు లేకపోతే
పడవనెవుడు తోత్తాడమ్మీ?
నీ జబ్బుకి మందు మా కొండ మీద కాయదు."

డబ్బు తీసుకోలేదు.
వెళ్లబోతుంటే పిలిచి రేల కాయొకటి విరిచి ఇచ్చింది:
గుజ్జు చిన్న ఉసిరికాయంత, వేణ్ణీళ్లలో, పడుకునే ముందు.
రోజూ కాదు.
నీళ్లు మాత్రం రోజూ.

చేనవతల ఇంటి సుభద్ర బెహరా
పెరటి తలుపు గొళ్లెం వెయ్యడం మానేసింది నా కోసం.
రెండు బండ్ల మధ్య సందు చూసుకుని
గట్టు మీద పరుగు.
వెనక్కి వచ్చేసరికి ఎవరో ఒకరు హారన్ కొడుతూనే ఉంటారు.
కొట్టనీ.

మూడో తెల్లారి ఏం జరిగిందో రాయను.
కాళ్లు తేలిగ్గా గట్టు దిగాయి,
టీ రుచి తెలిసింది,
ఆ పూట తిట్టినవాడికి "జాగ్రత్తగా వెళ్లు నాయనా" అన్నాను,
వాడు భయపడిపోయాడు.

మరుగుదొడ్డి కట్టించమని అర్జీ పెట్టాను.
మలబద్ధకం అన్న మాట రాసి, కొట్టేసి,
మళ్లీ రాశాను. ఉండనీ అని.
సంతకం: గేటు అసిరమ్మ.

ఎనిమిది నెలలైంది.
ఏ బల్ల కడుపులోనో బిగుసుకుపోయి ఉంటుంది.
ఈసారి బుదారి కనిపిస్తే
ఇంకో రేల కాయ అడగాలి,
ఆఫీసుకి.