నాలుగో పాటలో నాన్న

ఆ పెట్టె ఫిబ్రవరిలో ఒక శనివారం వచ్చింది.
హంబర్ నది పొగమంచు
హల్ ఊరి మీద తడి గోనెసంచిలా పరుచుకున్న పొద్దున.
ప్రిన్సెస్ అవెన్యూలో మా ఛారిటీ షాపు.
సీడీలకీ సాసర్లకీ ధరలు అంటించే మనిషిని నేను.
వారానికొక పూట. జీతం లేదు, టీ ఉంది.

తెచ్చినావిడ గుమ్మం దాటలేదు.
"నలభై ఉన్నాయి, అన్నీ ఒకటే ఆల్బం.
పౌండు పెడితే ఎవరూ కొనరు, యాభై పెన్స్ పెట్టండి" అంది,
ఎవరిదో తప్పిపోయిన పిల్లిని అప్పజెప్పినట్టు.

అట్ట మీద పసుపు రెయిన్‌కోటు, లోపల మనిషి లేదు.
బ్యాండు పేరు ది టైడ్ టేబుల్స్.
ఆటుపోట్ల పట్టిక!
పోటు ఎప్పుడొచ్చిందో ఏమో గానీ
ఆటు మాత్రం నలభై డబ్బాల్లో నా ముందుంది.

ఎవరెవరు కొన్నారో నాకు గుర్తే.
ఒక బస్సు డ్రైవరు. కుర్రతనంలో వాళ్ళని
ఏదో పబ్బు మేడ మీద విన్నాడట,
ఉన్నది పదిమంది, అందులో ఇద్దరు డ్రమ్మరు చెల్లెళ్ళు.
ఒకమ్మాయి, ఆ పసుపు తన గోడకి నప్పుతుందని.
ఒక పెద్దాయన కేవలం డబ్బా కోసం,
తన ఒపేరాకి మూత విరిగిందట.
పాటల్ని ఊడదీసి కౌంటరు మీద పెట్టి
"ఇది మీరుంచుకోండి" అని వెళ్ళిపోయాడు.

అలా, ఒంటి మీద నూలుపోగు లేకుండా
అది నా సంచిలో ఇంటికొచ్చింది.

పదకొండు పాటలు. ఏదీ మూడు నిమిషాలు దాటదు.
బోర్లించిన గిన్నెల మీద చినుకుల్లా గిటార్లు.
పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు జాగ్రత్తగా డ్రమ్ములు.
ఒక పాట, లైబ్రరీ తెరిచేదాకా మెట్ల మీద కూర్చోడం గురించి.
ఇంకోటి, మీగడ రంగు టెలిఫోన్ బూత్‌లో
చిల్లర అయిపోయాక కూడా మాట్లాడుతున్న వాడి గురించి.
ప్రేమ అనే మాట ఎక్కడా లేదు.
కూరలో ఉప్పు కంటికి కనిపిస్తుందా?

నాలుగో పాట.
ముందు కెటిల్ ఈల వేస్తుంది,
ఎవరో నవ్వు ఆపుకుంటారు,
తర్వాత ఆవిడ గొంతు:
నాన్నా, కోటు విప్పు, పడవలింక రావు.

ఉల్లిపాయ మీద కత్తి ఆగింది.
ఈ ఉత్తరపు రేవులో, ఎప్పటిదో ఒక ఇంగ్లీషు వంటింట్లో
మా నాన్నని పిలుస్తున్నదెవరు?
ఆయనకి పాట రాదు.
ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేస్తూ ఈల వేసేవాడు,
ఎప్పుడూ ఒకటే, ఎప్పుడూ సగమే.
మిగతా సగం ఏ సినిమాలో ఉందో మేం అడగనేలేదు.
నెల్లాళ్ళు నేనా ఒక్క పాటే విన్నాను.
ఆయన ఈల తెగిన చోట
కెటిల్ అందుకునేది.

మార్చిలో ఆవిడ మళ్ళీ వచ్చింది. పేరు గేనార్.
"ఎన్ని పోయాయి?"
"పంతొమ్మిది."
"అయ్యో రామా, విడుదలైన ఏడు కంటే ఎక్కువే!" అన్నంత మొహం పెట్టింది.
నేనుండబట్టలేక అడిగేశాను,
నాలుగో పాటలో మీ నాన్నగారు ఏం చేసేవారు?

అర్థం కాలేదు. తర్వాత అయింది, నవ్వింది.
వాళ్ళ మాటలో నాన్న అంటే అమ్మమ్మ.
డాక్‌లో చేపలు కోసేది, వేసవిలోనూ వేళ్ళు మంచే.
డాక్ మూసేశారు. మతి కూడా పోయింది.
అయినా తెల్లారుజామున నాలుగింటికి లేచి
ఆ పసుపు కోటు తొడుక్కుని తలుపు దగ్గర నిలబడేది.

మా నాన్న చేతిలోకి చేపల కత్తి వచ్చింది.
ఇస్త్రీపెట్టె కింద పెట్టలేదాయన,
రెండూ పట్టుకునే నిలబడ్డాడు.

నా మాటలో దాని అర్థమేమిటో చెప్పాను.
గేనార్ కాసేపు పాత బూట్ల అరకేసి చూసింది.
ఆ తర్వాత, అక్కడే, అడుగంటిన గొంతుతో
ఆ ఒక్క పాదం పాడింది,
చివరి అచ్చు నేను సాగదీసినట్టే సాగదీసి.

"ఈ టోస్టరు పనిచేస్తుందా?" అడిగాడెవరో.
చేస్తుందన్నాను.
ఒక వైపే.